ఫొటో నుంచి పెన్సిల్ బొమ్మ – ఒక కంప్యూటర్ పాఠం



పోయిన నెల మన గోడ పత్రికలో వంట ఆయమ్మ బొమ్మ చూసి "ఇది ఎవరు గీశారు?" అని చాలామంది అడిగారు. సగం కంప్యూటర్ గీసింది, సగం నేను గీశాను. అది ఎలాగో ఈ పాఠంలో రాస్తున్నాను. వచ్చే సంచికకి "మా అవ్వలు, తాతలు" అని పేరు పెట్టుకున్నాం కదా. ప్రతి ఒక్కరూ తమ ఇంటి పెద్దవాళ్ళ బొమ్మ ఒకటి తేవాలి. బొమ్మలు గీయడం అందరికీ రాదు. ఈ పద్ధతి తెలిస్తే మాత్రం గీత రానివాళ్ళు కూడా పోలిక తప్పకుండా గీయగలరు.

"ఫొటోనే అంటించెయ్యొచ్చు కదా, ఇంత శ్రమ దేనికి?" అంటారు. రెండు ఇబ్బందులున్నాయి.

మొదటిది. మనలో చాలామంది ఇళ్ళలో తాతదో అవ్వదో ఒక్కటే ఫొటో ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. తాత పింఛను కోసం దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే మిగిలింది. వానాకాలం చెమ్మకి దాని ఒక మూల బూజు పట్టింది. అలాంటి ఫొటో జిగురు పెట్టి చార్టుకి అంటిస్తే మళ్ళీ ఊడి రాదు.

రెండోది. ఆ ఫొటోని జిరాక్స్ తీస్తే మన ముఖాలు పాడైపోతాయి. జిరాక్స్ మిషన్ లేత బూడిద రంగుని తెల్లగా చేసేస్తుంది, ముదురు బూడిదని నల్లగా చేసేస్తుంది. మనలో ఎక్కువమందిది నల్లని ఛాయ. కళ్ళు, ముక్కు, నోరు అన్నీ కలిసిపోయి సిరా ఒలికినట్టు వస్తుంది. గీతల బొమ్మకి ఆ బాధ లేదు. తెల్ల కాగితం మీద నల్ల గీత ఎన్నిసార్లు జిరాక్స్ తీసినా గీతలాగే ఉంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్?

దాని పేరు గింప్. మన ల్యాబులో ఉంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దీన్ని 1995లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టారు. 1996లో అందరికీ ఇచ్చేశారు. తర్వాత ఎంతోమంది కలిసి పెంచుకుంటూ వస్తున్నారు. 2025 మార్చిలో 3.0 వచ్చింది. అంతకుముందుది 2.10. ఏది ఉన్నా ఫరవాలేదు, నేను చెప్పే మెనూలు రెండింటిలోనూ ఉన్నాయి. ఫొటోషాప్ తెలిసినవాళ్ళు అందులో కూడా ఇదే వరసలో చెయ్యొచ్చు.

కావలసినవి

ఫొటో ఒకటి, గింప్ ఉన్న కంప్యూటరు, ఎ4 కాగితం మీద ప్రింటు, మెత్తని పెన్సిల్, నల్ల స్కెచ్ పెన్ను, డ్రాయింగ్ షీటు. అన్నిటికంటే ముందు, ఫొటోలో ఉన్నవాళ్ళ అనుమతి. దాని గురించి చివర్లో రాస్తాను.

ఫొటో ఎలా ఉండాలి?

కొత్తగా తీసేదైతే, సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే తియ్యండి. అవ్వని గుమ్మం దగ్గర, వెలుతురు ముఖం మీద ఒక పక్క నుంచి పడేలా కూర్చోబెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళ కింద నల్లటి నీడ పడుతుంది. వెనక ఆకాశం ఉంటే ముఖం చీకటైపోతుంది. ఫ్లాష్ వేస్తే ముఖం మీద నీడలే ఉండవు, కంప్యూటరుకి గీతలు దొరకవు.

పాత చిన్న ఫొటో అయితే స్కాన్ చెయ్యాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క. పాస్‌పోర్ట్ ఫొటో వెడల్పు 3.5 సెంటీమీటర్లు, పొడవు 4.5 సెంటీమీటర్లు అనుకోండి. స్కానర్‌లో డి.పి.ఐ. అని ఒక అంకె అడుగుతుంది. అంటే ఒక అంగుళానికి ఎన్ని చుక్కలు అని. 200 పెడితే వెడల్పుకి 276 చుక్కలే వస్తాయి, కనురెప్పలు కూడా తెలియవు. 600 పెడితే 827 చుక్కలు వస్తాయి. మన పనికి చాలు. అందుకని చిన్న ఫొటోకి 600 పెట్టమని సారుని అడగండి.

చేసే విధానం

1. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి ఫొటో తెరవండి. ఫోనులో తీసినదైతే చాలా పెద్దగా ఉంటుంది. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్ళి వెడల్పు 1240 చెయ్యండి. ఎ4 కాగితం మీద అంగుళానికి 150 చుక్కల లెక్కన అది సరిపోతుంది.

2. వెంటనే ఫైల్ మెనూలో సేవ్ యాజ్ నొక్కి వేరే పేరుతో దాచుకోండి. అసలు ఫొటో జోలికి అస్సలు పోవద్దు.

3. లేయర్ మెనూలో డూప్లికేట్ లేయర్ నొక్కండి. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి కాగితాల్లాంటిది. ఇప్పుడు ఒకే ఫొటో రెండు పొరలుగా ఉంది. పై పొర మీదే పని చేస్తాం.

4. కలర్స్ మెనూలో డీశాచురేట్ నొక్కండి. రంగులన్నీ పోయి నలుపు తెలుపు బొమ్మ మిగులుతుంది.

5. ఆ నలుపు తెలుపు పొరని మళ్ళీ డూప్లికేట్ చెయ్యండి. ఇప్పుడు మూడు పొరలు: అడుగున రంగుల ఫొటో, మధ్యలో నలుపు తెలుపు, పైన ఇంకో నలుపు తెలుపు.

6. అన్నిటికంటే పై పొరని ఎంచుకుని కలర్స్ మెనూలో ఇన్వర్ట్ నొక్కండి. తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది. పాత ఫొటో రీలు నెగటివ్‌లా దయ్యంలాగా కనిపిస్తుంది. భయపడకండి.

7. లేయర్ల పెట్టె పైన మోడ్ అని ఉంటుంది. అందులో నార్మల్ తీసేసి డాడ్జ్ పెట్టండి. ఫొటో మొత్తం దాదాపు తెల్లగా అయిపోతుంది. "పోయింది, అంతా పోయింది" అనిపిస్తుంది. ఏమీ పోలేదు, ఆగండి.

8. అదే పై పొర మీద ఫిల్టర్స్, తర్వాత బ్లర్, తర్వాత గాస్సియన్ బ్లర్ నొక్కండి. అంకెని 1 నుంచి మెల్లగా పెంచండి. తెల్లటి కాగితంలోంచి గీతలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. 6 నుంచి 12 మధ్యలో ఆపి చూడండి.

9. లేయర్ మెనూలో మెర్జ్ డౌన్ నొక్కితే పై రెండు పొరలూ కలిసిపోతాయి.

10. గీతలు లేతగా ఉంటే కలర్స్ మెనూలో లెవెల్స్ తెరవండి. కింద మూడు చిన్న త్రికోణాలుంటాయి. ఎడమ చివరి నల్ల త్రికోణాన్ని కుడివైపు జరిపితే గీతలు నల్లబడతాయి. కుడి చివరి తెల్ల త్రికోణాన్ని కొంచెం ఎడమకి జరిపితే దుమ్ములా ఉన్న చుక్కలు పోతాయి.

11. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి పి.ఎన్.జి. గా దాచి ప్రింటు తియ్యండి.

లోపల ఏం జరుగుతోంది?

ఇక్కడిదాకా బట్టీ పట్టినా పని జరుగుతుంది. కానీ ఎందుకు జరుగుతుందో తెలిస్తే పాడైన బొమ్మని బాగు చేసుకోవచ్చు. మనకి వచ్చిన గుణకారం, భాగహారం చాలు.

కంప్యూటరుకి ముఖం తెలియదు. దానికి తెలిసినవి అంకెలే. నలుపు 0, తెలుపు 255, మధ్యలో బూడిద రంగులు. జుట్టు 60, నుదురు 180 అనుకోండి. జుట్టు నుంచి నుదుటి మీదికి వరసగా ఆరు చుక్కలు తీసుకుందాం.

ఫొటో: 60, 60, 60, 180, 180, 180

బ్లర్ అంటే ప్రతి చుక్కనీ దాని ఇరుగుపొరుగుతో కలిపి సగటు తీయడం. సులువుగా ఉండడానికి మూడేసి చుక్కల సగటు తీద్దాం. (అసలు గాస్సియన్ బ్లర్‌లో దగ్గరి చుక్కలకి ఎక్కువ విలువ, దూరపు వాటికి తక్కువ విలువ ఇస్తారు. గౌస్ అనే జర్మనీ గణిత శాస్త్రజ్ఞుడి పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది.)

బ్లర్: 60, 60, 100, 140, 180, 180

మూడో చుక్కకి (60+60+180) ÷ 3 = 100. నాలుగో చుక్కకి (60+180+180) ÷ 3 = 140. మిగతావి మారలేదు.

ఇప్పుడు ఇన్వర్ట్, డాడ్జ్ రెండూ కలిసి చేసే పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఫొటో అంకెని బ్లర్ అంకెతో భాగించి 255 తో గుణించడం. 255 దాటితే 255 దగ్గరే ఆగిపోతుంది.

మొదటి చుక్క: 60 ÷ 60 × 255 = 255. తెలుపు.
మూడో చుక్క: 60 ÷ 100 × 255 = 153. బూడిద.
నాలుగో చుక్క: 180 ÷ 140 × 255 = 328. 255 దాటింది కాబట్టి తెలుపు.
చివరి చుక్క: 180 ÷ 180 × 255 = 255. తెలుపు.

ఫలితం: 255, 255, 153, 255, 255, 255

చూశారా! జుట్టు తెలుపైంది, నుదురూ తెలుపైంది. రెండూ కలిసే చోట ముదురు వైపున ఒక్క చుక్క మాత్రం బూడిదగా మిగిలింది. అదే పెన్సిల్ గీత. వెలుతురు ఎక్కడ మారిందో అక్కడే గీత పడుతుంది.

డాడ్జ్ అనే మాట చీకటిగది నుంచి వచ్చింది. రీలు ఫొటోల కాలంలో స్టూడియోవాళ్ళు నెగటివ్‌లోంచి కాగితం మీద వెలుగు వేసేటప్పుడు ఒక చోట అట్టముక్క అడ్డం పెడితే, ఆ చోటు లేతగా వచ్చేది. దానినే డాడ్జింగ్ అనేవారు. ఇప్పుడు ఆ అట్టముక్క పని మన పై పొర చేస్తోంది.

మన మెదడు కూడా ఇలాంటి పనే చేస్తుంది. కంటి నుంచి వచ్చిన బొమ్మలో అంచులకీ గీతలకీ స్పందించే కణాలు మెదడులో ఉన్నాయని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ పిల్లుల మీద పరిశోధన చేసి కనిపెట్టారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. నాలుగు గీతలు చూడగానే "ఇది మా అవ్వ" అని గుర్తుపట్టడం వెనక ఇలాంటి ఏర్పాటు ఉంది.

ఎదురయ్యే చిక్కులు

అ) నల్లని ముఖం మీద చుక్కలు. ఈ చిక్కు మనకే ఎక్కువ వస్తుంది. ఏ కెమెరా ఫొటోలోనైనా కొంచెం ఇసుక చల్లినట్టు తేడాలుంటాయి. ఒక చుక్కకీ పక్క చుక్కకీ 4 తేడా ఉందనుకోండి. వెలుతురులో ఉన్న బుగ్గ అంకె 120 అయితే 4 అనేది అందులో 30వ వంతు. కనిపించదు. నీడలో ఉన్న బుగ్గ అంకె 20 అయితే అదే 4 అందులో 5వ వంతు. మనం చేసేది భాగహారం కాబట్టి అది చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. తప్పు ముఖానిది కాదు, వెలుతురు చాలకపోవడానిది. ముఖాన్ని తెల్లగా చేసే ఫోను ఫిల్టర్లు వాడొద్దు. అవి చుక్కలతోపాటు ముడతల్నీ తుడిచేస్తాయి, అవ్వ అవ్వలా ఉండదు. గుమ్మం వెలుతురులో మళ్ళీ తియ్యండి. పాత ఫొటో అయి మళ్ళీ తీసే వీలు లేకపోతే, 4వ మెట్టు తర్వాత మధ్య పొర మీద ఒకసారి గాస్సియన్ బ్లర్ 1 మాత్రమే వేసి, ఆ తర్వాత 5వ మెట్టుకి వెళ్ళండి. ఇసుక తగ్గుతుంది.

ఆ) పూసలు మాయమవడం. ఎర్ర పూసల దండ వేసుకున్న అవ్వ బొమ్మలో దండ కనిపించకపోవచ్చు. ఎందుకంటే రంగు తీసేసేటప్పుడు కంప్యూటర్ ఆకుపచ్చకి ఎక్కువ విలువ, ఎరుపుకి తక్కువ, నీలానికి ఇంకా తక్కువ ఇస్తుంది. పూసలో ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 30 అనుకోండి. మెడ చర్మంలో 100, 65, 50 అనుకోండి. డీశాచురేట్ పెట్టెలో లూమా అనే పద్ధతి ఉంటే పూస 66, చర్మం 71 అవుతాయి. రెండూ దాదాపు ఒకటే. తేడా లేకపోతే గీత లేదు. అదే పెట్టెలో వాల్యూ అనే పద్ధతి పెట్టండి. అది మూడింటిలో పెద్ద అంకెనే తీసుకుంటుంది. పూస 200, చర్మం 100. దండ తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి డీశాచురేట్ దగ్గర తొందరపడకుండా అన్ని పద్ధతులూ ఒకసారి మార్చి చూడండి.

ఇ) గీత మందం. బ్లర్ అంకె 3 పెడితే వెంట్రుకలాంటి గీతలు వస్తాయి. 10 పెడితే మందంగా, కొంచెం నీడతో వస్తాయి. 40, 50 పెడితే బొగ్గుతో గీసినట్టు ఉంటుంది. ఇంకా పెంచుకుంటూ పోతే మళ్ళీ ఫొటోలాగే అయిపోతుంది. మా అవ్వ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. 3 దగ్గర అవి మసకగా ఉన్నాయి, 8 దగ్గర స్పష్టంగా వచ్చాయి. మీ ఫొటోకి ఏ అంకె సరిపోతుందో మీరే చూసుకోవాలి. అందరికీ ఒకే అంకె చెప్పడం కుదరదు.

ఈ) వెనక సామాను. అవ్వ వెనక తడిక, బిందెలు, చెట్ల ఆకులు ఉంటే వాటికి కూడా గీతలు వస్తాయి. ఆకులకైతే వందల గీతలు! కంప్యూటరుకి అవ్వ ముక్కూ ఒకటే, తడికలో పుల్లా ఒకటే. బ్రష్ తీసుకుని తెల్ల రంగుతో అక్కరలేనివి తుడిచెయ్యండి. చాట, గంప, ఆమె చేతిలో కర్ర లాంటివి ఉంచండి. అవి ఆమె గురించి చెబుతాయి.

ఇక చేతి పని

చాలామంది ప్రింటు తీసి అక్కడితో ఆపేస్తారు. మన పత్రిక చేత్తో రాసే పత్రిక. బొమ్మ కూడా చేత్తోనే పూర్తి చేద్దాం. ప్రింటు వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో అంతా రుద్దండి. దాన్ని డ్రాయింగ్ షీటు మీద పెట్టి కదలకుండా క్లిప్పులు పెట్టండి. పై నుంచి గీతల మీద పెన్సిల్‌తో ఒత్తి గీస్తే కింద షీటు మీద గుర్తు పడుతుంది. తర్వాత స్కెచ్ పెన్నుతో దిద్దండి.

దిద్దేటప్పుడే అసలు పని ఉంది. కంప్యూటర్ ఇచ్చిన గీతలన్నీ దిద్దకూడదు. ముందు కళ్ళు, తర్వాత ముక్కు అంచు, పెదవుల మధ్య గీత, గడ్డం. ముడతల్లో లోతైనవి దిద్దండి, మిగతావి వదిలెయ్యండి. అన్నీ దిద్దితే ఉన్న వయసుకన్నా పదేళ్ళు ఎక్కువ కనిపిస్తారు, ఇంటికెళ్ళాక అవ్వ ఊరుకోదు! అలాగని ఒక్కటీ దిద్దకపోతే అది వేరే ఎవరిదో బొమ్మ అవుతుంది.

సీతంపేట వైపు సవరల ఇళ్ళలో గోడల మీద బొమ్మలు చూసే ఉంటారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు. నీడలుండవు. ఉన్నవి కొన్ని గీతలే, అయినా ఎవరు ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది. ఏ గీత ఉంచాలి, ఏది వదలాలి అన్న తెలివి వాళ్ళ చేతిలో ఉంది. కంప్యూటరుకి వెలుతురు మారిన చోటు తెలుస్తుంది, అంతవరకే. ఏ గీతలో మన మనిషి ఉన్నారో మనకే తెలుస్తుంది.

అనుమతి గురించి

ఫొటో తీసే ముందు "అవ్వా, నీ బొమ్మ మా బడి గోడ మీద పెడతాం, సరేనా?" అని వాళ్ళ భాషలోనే అడగండి. వద్దంటే తియ్యొద్దు. కొందరికి ఫొటో ఇష్టముండదు, బలవంతం చెయ్యకూడదు. చనిపోయినవాళ్ళ ఫొటో అయితే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. స్నేహితుల ముఖాల మీద, ముఖ్యంగా ఆడపిల్లల ఫొటోల మీద, అడక్కుండా ఈ పని చెయ్యడం, ఫోన్లలో పంపడం తప్పు. ల్యాబులో పని అయ్యాక ఫొటో కంప్యూటర్‌లో వదిలెయ్యకుండా మీ పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని అక్కడిది తొలగించండి. పాత ఫొటో తెచ్చినవాళ్ళు స్కాన్ అయిన వెంటనే కవర్లో పెట్టి భద్రంగా ఇంటికి చేర్చండి.

అభ్యాసం

1. వరసగా ఆరు చుక్కలు: 200, 200, 200, 50, 50, 50. మూడేసి చుక్కల సగటు తీసి, భాగించి, గీత ఏ చుక్క దగ్గర పడుతుందో లెక్క కట్టండి.
2. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కాతో నిలబడిన తాత ఫొటోలో భుజం గీత ఎందుకు సరిగ్గా రాదు?
3. ఒకే ఫొటోని బ్లర్ 3, 10, 40 పెట్టి మూడు ప్రింట్లు తీసి, ఏది ఎక్కువ పోలికగా ఉందో మీ డార్మెటరీలో అడగండి.

జవాబులు రాసి పత్రిక పక్కనున్న పెట్టెలో వెయ్యండి. బొమ్మ కింద మీ అవ్వ లేక తాత పేరు, ఊరు, వాళ్ళకి బాగా వచ్చిన పని ఒకటి రాయడం మర్చిపోవద్దు. వెదురు అల్లడమో, పోడు వ్యవసాయమో, మందు చెట్లు గుర్తుపట్టడమో ఏదైనా సరే. వార్డెన్ గారు ఒప్పుకుంటే ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు ల్యాబులో నేనుంటాను. ఇద్దరిద్దరుగా రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
గోడ పత్రిక బొమ్మల విభాగం